సంతాప తీర్మానం

పదకొండూ పదికి లాకప్‌లో స్టూలు లాక్కుని కూర్చున్న డిటెక్టివ్ కంట మొట్టమొదట పడింది వాచ్‌మన్ కుడి బుగ్గ. అది ఉబ్బి, పైన కన్ను సగం మూసుకుపోయి ఉంది.

"సర్వేయర్ కొట్టిన దెబ్బ," అన్నాడు వెనక నుంచి ఇన్‌స్పెక్టర్. "చచ్చే ముందు ఒక్కటి గట్టిగానే పీకాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి వదినా?"

ఈ ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకి స్వయానా తమ్ముడు. ఇంట్లో వదిన ముందు పిల్లిలా ఉంటాడు. యూనిఫాం వేసుకున్నాడంటే మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. గడిచిన ఆరేళ్ళలో నాలుగుసార్లు వదిన ఆ నాలుగో కాలు నలుగురిలో చూపించింది. అప్పటి నుంచీ స్టేషన్లో ఆమెకి 'కందిరీగ' అని పేరు పడింది. ఆమె ఎదురుగా ఆ మాట అనే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

జరిగింది ఇదీ. ఊరి చివర మూతపడ్డ పెంకుల ఫ్యాక్టరీ స్థలం పదకొండు ఎకరాలు ఉంది. దాన్ని పార్కు కోసం కొనాలా వద్దా అని నగర కౌన్సిల్ రెండు నెలలుగా తర్జనభర్జన పడుతోంది. ఓటింగు ఇవాళ, గురువారం, సాయంత్రం నాలుగింటికి. నిన్న సాయంత్రం అక్కడ కొలతలు తీస్తున్న కౌన్సిల్ సర్వేయర్, పెంకుల కోసం ఎప్పుడో మట్టి తవ్విన గోతుల్లో నాలుగోదాంట్లో పడి మెడ విరిగి చనిపోయాడు. గొయ్యి ముప్ఫై అడుగుల లోతు. పొద్దున శవాన్ని చూసి స్టేషన్‌కి ఫోన్ చేసినవాడు, సర్వే మొదలైనప్పుడు కౌన్సిల్ అక్కడ కాపలా పెట్టిన ఈ వాచ్‌మనే. గొయ్యి మీద పరిచిన బల్లలు రంపంతో కోసి ఉన్నాయని తేలగానే, ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసినవాడినే పట్టుకుని లోపల వేశాడు. నాలుగింటికి కోర్టులో హాజరు పెడతాడట.

తొమ్మిదిన్నరకి వాచ్‌మన్ కూతురు డిటెక్టివ్ ఆఫీసుకి పరుగెత్తుకొచ్చింది. దర్జీపని చేసే మనిషి. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయింది. "మా నాన్న ఎవర్నీ చంపలేడమ్మా. నిచ్చెన ఎక్కమంటేనే కళ్ళు తిరుగుతాయి ఆయనకి. ఆ గొయ్యి అంచుకి వెళ్ళి బల్లలు కొయ్యడమా?" అంది.

"పది నిమిషాలు మమ్మల్ని వదిలెయ్యి," అంది డిటెక్టివ్ మరిదితో.

"ఐదు," అన్నాడు అతను, గడియారం చూసుకుంటూ.

అతను వెళ్ళేదాకా ఆగి ఆమె అడిగింది. "పెద్దాయనా, నిన్న సాయంత్రం ఐదింటికి ఎక్కడున్నారు?"

"గేటు దగ్గరే ఉన్నానమ్మా. అక్కణ్ణుంచి కదల్లేదు." మాట ముద్దముద్దగా వచ్చింది.

"గేటుకీ గొయ్యికీ ఎనభై అడుగులు. మనిషి పడిపోతే అరుపు వినపడలేదా?"

"లేదమ్మా."

"బల్లలు విరిగిన చప్పుడు?"

"లేదమ్మా."

"మీరు చెవిటివాళ్ళైనా అయ్యుండాలి, లేకపోతే అక్కడ లేకపోయి ఉండాలి. నేను మెల్లగా అడుగుతున్నవన్నీ మీకు బాగానే వినపడుతున్నాయి. నోరు తెరవండి."

వాచ్‌మన్ గోడవైపు తిరిగిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది. ఆమె బ్యాగులోంచి చిన్న టార్చి తీసి వెలిగించి, చంటిపిల్లాడిని బతిమాలినట్టు గడ్డం పట్టుకుంది. చివరికి తెరిచాడు. వెనక దవడలో పన్ను ఉండాల్సిన చోట పచ్చి పుండు. పక్కన ఇంకా దూది పోగు అంటుకుని ఉంది.

"ఎప్పుడు పీకించారు?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరికీ చెప్పకండమ్మా. నాలుగున్నరకి ఇక ఓర్చుకోలేకపోయాను. గేటు దగ్గరగా వేసి వెళ్ళిపోయాను. వచ్చేసరికి ఆరయింది. సర్వేయర్ గారు కొలిచేసుకుని వెళ్ళిపోయారనుకున్నాను. డ్యూటీలో నిద్రపోతున్నానని పోయిన నెలే ఆయన మెమో ఇప్పించారు. ఇప్పుడు గేటు వదిలి వెళ్ళానని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇంకా నాలుగు నెలల్లో నా రిటైర్మెంటు."

డిటెక్టివ్ టార్చి ఆర్పింది. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉంది. ప్రాణం కోసం అబద్ధమాడిన వాళ్ళని చూసింది, పరువు కోసం ఆడిన వాళ్ళనీ చూసింది. గంటన్నర డ్యూటీ ఎగ్గొట్టిన సంగతి దాచడానికి హత్యానేరం నెత్తిన వేసుకున్న మనిషిని ఇప్పుడే చూస్తోంది.

"పెద్దాయనా, మీకు శిక్ష పడితే రిటైర్మెంటు నాలుగు నెలలు కూడా ఆగదు," అంది. కోపమూ జాలీ కలిసి గొంతు కరుకుగా వచ్చింది. "ఇంకేం దాచారు?"

అతను లాకప్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పోయిన శనివారం ఆ నాలుగో గొయ్యిలోకి బల్లల సందులోంచి సర్వేయర్ గారు కొలత గుండు వదిలారమ్మా. అది ఠంగుమంది. టార్చి వేసి చూస్తే అడుగున నీలం రంగు డ్రమ్ములు. ఎన్నో లెక్క తెలీదు. కళ్ళు మండిపోయే వాసన. 'పిల్లలు ఆడుకునే పార్కా ఇక్కడ కట్టేది?' అన్నారాయన. ఎవరితోనూ అనొద్దు, నేను ఆఫీసులో చెప్తాను అన్నారు."

"ఆఫీసులో ఎవరికి?"

"అది చెప్పలేదమ్మా. సోమవారం మాత్రం ఆఫీసు నుంచి ఆయనకి ఫోన్ వచ్చింది. బుధవారం ఐదింటికి ఇద్దరూ కలిసి నాలుగో గొయ్యి మీద మళ్ళీ కొలవండి అని. టేపు రెండో కొస పట్టుకునేది ఎప్పుడూ నేనే."

ఐదు నిమిషాలూ అయిపోయాయని తాళాల గుత్తి చప్పుడైంది.

పన్నెండూ ఐదుకి ఆమె గొయ్యి అంచున బోర్లా పడుకుని ఉంది. కాపలా ఉన్న కానిస్టేబుల్ ఆమె కాళ్ళు పట్టుకోవాలా వద్దా అని తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు. గొయ్యి పది అడుగుల వెడల్పు. దాని మీద అడ్డంగా వంతెనలా పరిచిన బల్లలు, బల్లల మీద పలచగా మట్టి, మట్టి మీద గడ్డి. తెలియనివాడు దాన్ని నేలే అనుకుంటాడు. ఇవతలి అంచున బల్లలు విరిగి లోపలికి వేలాడుతున్నాయి.

ఆమె చూపు ముందు టేపు మీద పడింది. ముప్ఫై మీటర్ల టేపు కొసనున్న ఉంగరాన్ని గట్టు మీద కొత్తగా కొట్టిన ఇనుప మేకుకి తగిలించారు. పక్కనే సుత్తి పడి ఉంది. రెండో కొస, చుట్టిన డబ్బాతో సహా, గొయ్యిలోకి వేలాడుతోంది.

"ఈ మేకు పోలీసులు కొట్టిందా?"

"లేదు మేడమ్. మేము వచ్చేసరికే ఉంది. ఏదీ ముట్టుకోలేదు."

"పక్కన మనిషి ఉంటే ఆ ఉంగరాన్ని అతనే పట్టుకుంటాడు. మేకు కొట్టేది ఒంటరిగా కొలిచేవాడే," అంది ఆమె. సర్వేయర్ ఎదురుచూసి, వాచ్‌మన్ రాకపోయేసరికి విసుక్కుని మేకు కొట్టుకున్నాడు. స్టేషన్లో తీసుకున్న అతని కొలతల పుస్తకం చివరి పేజీ ఫొటో ఆమె ఫోన్లో ఉంది. ఒక్కో కొలత పక్కన వేళ రాయడం అతని అలవాటు. నాలుగూ యాభై. ఐదు. ఐదూ పది. ఆ తర్వాత ఖాళీ కాగితం.

టార్చి వెలుతురు బల్లల అడుగు భాగం మీద వేసింది. రంపంతో కింది నుంచి ముప్పాతిక మందం దాకా కోశారు. దిగి కొయ్యడానికి గొయ్యి గోడకి పాత ఇనుప మెట్లున్నాయి. మెట్ల మీద పడ్డ రంపపు పొట్టు తడిసి, ముద్దకట్టి, ఎండిపోయింది.

"వాన ఎప్పుడు పడింది?"

"మంగళవారం పొద్దున మేడమ్. ఆ తర్వాత చినుకు లేదు."

అయితే కోత మంగళవారానికి ముందుదే. ఆమె టార్చిని అవతలి అంచు దాకా జరిపింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. అవతలి అంచున, ఇంకా విరగని చోట కూడా అదే కోత ఉంది. ఒక మనిషిని చంపడానికి ఒక కోత చాలు. రెండోది ఎందుకు? ఎటు నుంచి నడిచినా తప్పించుకోకూడదని కాబోలు అనుకుంది. అప్పటికి ఆ సమాధానం సరిపోయింది. సరిపోయిందని అనుకున్నందుకు ఆ తర్వాత చాలాకాలం ఆమె తనని తాను క్షమించుకోలేదు.

రెండు గంటలకి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద చిన్న కాగితం పొట్లం పెట్టింది.

"ఏంటిది?"

"విప్పు."

విప్పాడు. కుర్చీలోంచి సగం లేచాడు. "ఛీ! పన్ను!"

"నీ ముద్దాయిది. నిన్న సాయంత్రం నాలుగూ యాభైకి పళ్ళ డాక్టర్ కుర్చీలో కూర్చున్నాడు. పన్ను ఒక పట్టాన ఊడిరాలేదట, రెండు ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది. ఐదూ నలభైకి దూది కొరికి పట్టుకుని బయటికొచ్చాడు. డాక్టర్ రిజిస్టర్లో సంతకం ఉంది. బయట వరసలో కూర్చున్న ఇద్దరు మనిషిని గుర్తుపట్టారు. సర్వేయర్ చివరి కొలత ఐదూ పదికి."

"బుగ్గ మీద దెబ్బ..."

"దెబ్బ కాదు నాయనా, వాపు. నువ్వు అతని నోట్లోకి ఒక్కసారి చూసుంటే నాకీ ఎండలో తిరుగుడు తప్పేది."

ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డ అయింది. "బల్లలు ముందే కోసి పెట్టి, తర్వాత తీరిగ్గా పన్ను పీకించుకోడానికి వెళ్ళి ఉండొచ్చుగా?"

"తానూ ఎక్కి నిలబడమని ఆర్డరున్న బల్లల్ని తనే కోసుకుంటాడా? నిచ్చెన చూస్తేనే వణికేవాడు ఆ ఇనుప మెట్లు దిగుతాడా?"

"వదినా, ఇంట్లో మీ మాట జవదాటను. ఇది స్టేషను. నా మీద పైవాళ్ళున్నారు. పొద్దుట్నుంచి కౌన్సిల్ వాళ్ళ ఫోన్లు. ఓటింగులోపు ఈ గొడవ ముగించమంటున్నారు."

"ముగించమంటే అడ్డమైనవాడినీ లోపలేసి ముగిస్తావా? నాలుగింటికి కోర్టులో ఆ డాక్టర్ నిలబడి రిజిస్టర్ తీస్తే ముగిసిపోయేది నీ పరువు. ఆ పూట మీ అన్నయ్యకి నేనేం చెప్పాలి?"

అన్నయ్య మాట ఎత్తకుండా ఉండాల్సింది. ఎత్తింది. మరిది దవడ బిగుసుకుంది, పన్ను పొట్లాన్ని దూరంగా జరిపాడు. అయినా మొండివాడే గాని చెడ్డవాడు కాదు. రెండు నిమిషాలు కిటికీలోంచి బయటికి చూసి, కలం తీశాడు. "వదిలేస్తాను. కౌన్సిల్ ఉద్యోగి కాబట్టి కౌన్సిల్ నుంచి ఎవరైనా పూచీ సంతకం పెట్టాలి. నేనే కబురు చేస్తాను. తృప్తేనా?"

"తృప్తే."

మెట్లు దిగుతూనే వాచ్‌మన్ కూతురికి ఫోన్ చేసింది. "అరగంటలో మీ నాన్న ఇంటికొస్తాడు. నమలక్కర్లేకుండా ఏదైనా మెత్తగా చేసి పెట్టు." అవతల ఏడుపు వినపడింది. డిటెక్టివ్‌కి ఆ రోజు మొదటిసారి గుండె తేలికైంది.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. డ్రమ్ముల సంగతి సర్వేయర్ ఎవరికి చెప్పాడు?

రెండూ నలభైకి కౌన్సిల్ భవనంలో మినిట్స్ గుమాస్తా గదిలోకి అడుగుపెట్టింది. కింది అంతస్తులో చివరి గది. అక్కడ కూర్చుంటే ఎవరు మెట్లెక్కినా, దిగినా కనబడుతుంది. గుమాస్తాని ఆఫీసంతా 'ఏకగ్రీవం గారు' అంటారు. ముప్ఫై ఏళ్ళుగా కౌన్సిల్లో జరిగిన ప్రతి మీటింగుకీ 'సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన చెయ్యి అది. ఒకసారి సభ్యులు కుర్చీలు విసురుకున్న మీటింగుకీ అలాగే రాశాడట.

"సర్వేయర్ శనివారం ఇక్కడికొచ్చాడా అండీ?"

"వచ్చాడు మేడమ్. తిన్నగా కౌన్సిల్ సెక్రటరీ గారి గదికి వెళ్ళాడు. అరగంట ఉన్నాడు. దిగొచ్చి నా దగ్గర మంచినీళ్ళు తాగాడు. గ్లాసు సరిగ్గా పట్టుకోలేకపోయాడు పాపం." గుమాస్తా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పొద్దున కబురు విన్నప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు."

"ఆ పెంకుల ఫ్యాక్టరీ స్థలం ఎవరిది?"

"సెక్రటరీ గారి వియ్యంకుడిది. అందరికీ తెలిసిందే మేడమ్. తెలిసిందే కాబట్టి ఎవరూ అడగరు."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఆమె ఇంకో ప్రశ్న అడగబోతూ బల్ల మీద తెరిచి ఉన్న పెద్ద బైండు పుస్తకం వైపు చూసింది. పైన రాసి ఉన్న తేదీ ఇవాళ్టిదే. గురువారం, సాయంత్రం నాలుగు గంటలు.

"ఇది నాలుగింటి మీటింగు మినిట్స్ కదండీ? ఇప్పుడింకా రెండూ నలభై అయిదు."

గుమాస్తా సిగ్గుపడుతూనే కాస్త గర్వంగా నవ్వాడు. "అజెండా చూస్తే చాలు మేడమ్, నాకు మీటింగంతా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ముందే రాసేస్తే అక్షరం కుదురుగా వస్తుంది. ఇదిగో, పన్నెండో వార్డు సభ్యుడు లేచి చెట్ల గురించి మాట్లాడతాడు. అదీ రాశాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మాట దిద్దాల్సిన అవసరం రాలేదు."

నవ్వొచ్చే మాటే. ఆమె నవ్వబోయింది కూడా. ఈలోగా చూపు పేజీ పైకి, మొదటి అంశం మీదికి వెళ్ళింది.

'స్థల సర్వే విధుల్లో ఉండగా ప్రమాదవశాత్తు మరణించిన కౌన్సిల్ ఉద్యోగులు ఇద్దరి మృతికి సభ తీవ్ర సంతాపం తెలుపుతూ రెండు నిమిషాలు మౌనం పాటించడమైనది.'

దాని కింద ఒకటి, రెండు అని అంకెలు. ఒకటి పక్కన సర్వేయర్ పేరు నీలం సిరాతో ఉంది. రెండు పక్కన ఖాళీ. మిగతా పేజీ అంతా నల్ల సిరా.

"ఈ పేరు ఎప్పుడు రాశారు?"

"ఇవాళ పొద్దున."

"మిగతాది?"

గుమాస్తా కలం మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. ఆమె చెయ్యి చాచి పేజీ తిప్పింది. తర్వాతి పేజీలో ఆరోగ్య కమిటీ అత్యవసర సమావేశం. దోమల మందు. బుధవారం ఉదయం పదకొండు గంటలు. కింద ఏడుగురు సభ్యుల సంతకాలు.

"నిన్న పొద్దున సంతకాలు పడ్డ పేజీకి ముందు పేజీ ఇది," అంది ఆమె. "ఎప్పుడు రాశారండీ?"

"తేదీల వరస తప్పింది మేడమ్. ఆ దోమల మీటింగు ఉన్నట్టుండి పెట్టారు. దయచేసి ఆడిట్ వాళ్ళతో అనకండి..."

"ఎప్పుడు?"

"మంగళవారం మధ్యాహ్నం."

మంగళవారం మధ్యాహ్నం సర్వేయర్ బతికే ఉన్నాడు. ఎక్కడో అన్నం తింటూనో, టేపు చుట్టుకుంటూనో ఉన్నాడు. ఇక్కడ అతని చావుకి రెండు నిమిషాల మౌనం అప్పటికే పాటించేశారు.

"ఈ సంతాపం రాయమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. సెక్రటరీ గారు భోజనానికి వెళ్ళినప్పుడు నేనే ఆయన ట్రేలోంచి అజెండా కాగితాలు తెచ్చుకుని, రాసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. ఎప్పుడూ అంతే. ఆయనకి తెలీదు. ఆయన ఏదైనా ముందే సిద్ధం చేసి పెట్టుకునే మనిషి. చివరి కాగితం మీద ఇది ఆయన చేతిరాతతోనే ఉంది, పేర్ల దగ్గర ఖాళీతో."

"ఎవరు చచ్చిపోయారని మీరు అడగలేదా?"

"ఎలా అడుగుతాను? అడిగితే ట్రేలో చెయ్యి పెట్టానని తెలిసిపోదూ?" అంటూనే అతని మొహంలో రంగు మారింది. ముప్ఫై ఏళ్ళు రాసినవాడు మొదటిసారి తను రాసింది చదువుకున్నాడు. "మేడమ్... నేను ఇది రాసేటప్పటికి ఆ అబ్బాయి..."

"బతికే ఉన్నాడు."

గుమాస్తా చేతిలోంచి కలం జారి పుస్తకం మీద పడింది. ఆమె అతని భుజం పట్టుకుని కుదిపింది. "రెండో పేరు సంగతి చెప్పండి. త్వరగా!"

"పొద్దున తొమ్మిదింటికి సెక్రటరీ గారు ఆ కాగితం చేతికిచ్చి సర్వేయర్ పేరు చెప్పారు. రెండో ఆయన ఎవరండీ అన్నాను. ఆస్పత్రిలో ఉన్నాడు, కష్టమట, నాలుగింటిలోపు తేలిపోతుంది, ఖాళీ ఉంచు అన్నారు."

సర్వేతో సంబంధం ఉన్న కౌన్సిల్ ఉద్యోగులు ఇద్దరే. టేపుకి రెండు కొసలు. బల్లలకి రెండు కోతలు. శనివారం గొయ్యిలోకి తొంగిచూసిన వాళ్ళు ఇద్దరు. పిప్పిపన్ను పుణ్యమా అని రెండోవాడు నిన్న తప్పించుకున్నాడు. పొద్దుట్నుంచి వాడికి హాని జరగలేదంటే ఒక్కటే కారణం. వాడు లాకప్‌లో, తాళం వెనక, తన మొండి మరిది కాపలాలో ఉన్నాడు. ఆ తాళం తీయించింది ఎవరు? తనే. వాదించి, ఎగతాళి చేసి, అన్నయ్య పేరెత్తి మరీ తీయించింది.

డిటెక్టివ్ మరిదికి ఫోన్ కలిపింది.

"వాచ్‌మన్‌ని బయటికి పంపకు. నీ పక్కనే కూర్చోబెట్టుకో."

"ఇదేంటి వదినా, ఇప్పుడే కదా వదిలెయ్యమని నా ప్రాణం తీశారు?" మరిది గొంతులో ఇందాకటి కసి ఇంకా తీరలేదు. "వెళ్ళిపోయాడు. పూచీ సంతకం పెట్టి పంపింది సెక్రటరీ గారే. పాపం పెద్దమనిషి, ముసలాయన నడవలేడని జీపు కూడా పంపారు. ఇంటి దగ్గర దింపమని మీరే చెప్పారటగా?"

"నేనెవరికీ చెప్పలేదు. ఎంతసేపైంది?"

"రెండూ నలభైకి." ఈసారి అతని గొంతులో కసి లేదు. "వదినా, ఆ జీపు వాళ్ళింటి వైపు పోలేదు. నేను కిటికీలోంచి చూశాను. ఫ్యాక్టరీ రోడ్డు వైపు తిరిగింది. పెట్రోలు కోసమేమో అనుకున్నాను."

స్టేషన్ నుంచి ఫ్యాక్టరీకి ఇరవై అయిదు నిమిషాలు. పొద్దున ఆమే స్వయంగా వెళ్ళింది. గోడ గడియారం రెండూ యాభై ఆరు చూపిస్తోంది. "గొయ్యి దగ్గర నీ కానిస్టేబుల్ ఉన్నాడు కదా?"

"లేడు. ముద్దాయి దొరికాడు కదా అని ఒంటిగంటన్నరకే వెనక్కి పిలిచేశాను." తర్వాతి మాటలు పరుగులో వచ్చాయి. కుర్చీ పడ్డ చప్పుడు, ఎవరినో గట్టిగా కేకేసిన చప్పుడు వినపడ్డాయి. "బయల్దేరుతున్నాను. మా బండి పదిహేను నిమిషాల్లో వెళ్తుంది. వదినా, లైన్లో ఉండండి."

అప్పుడే బల్ల మీదున్న ఆఫీసు ఫోన్ మోగింది. అలవాటైన చెయ్యి గుమాస్తా ప్రమేయం లేకుండానే రిసీవర్ ఎత్తింది. "చిత్తం," అన్నాడు. "చిత్తం సార్." విన్నాడు. మొహం పాలిపోయి, రిసీవర్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి, నీళ్ళు నిండిన కళ్ళతో డిటెక్టివ్ వైపు చూశాడు.

"పైన సెక్రటరీ గారు. రెండో పేరు రాసుకోమంటున్నారు. ఫ్యాక్టరీ స్థలం వాచ్‌మన్ అంటున్నారు మేడమ్."

ఆమె మళ్ళీ గడియారం చూసింది. రెండూ యాభై ఏడు. జీపు ఇంకా దారిలోనే ఉండాలి. ఎనిమిది నిమిషాల దూరం ఉంది. సెక్రటరీ పని జరగకముందే కాగితం సిద్ధం చేసుకునే మనిషి. ఈసారి కూడా ముందే చెప్పేస్తున్నాడు.

"మరిదీ," అంది ఫోన్లోకి. "పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడు. పదిహేను నిమిషాలు కుదరదు. ఎనిమిదిలో వెళ్ళు."

గుమాస్తా కలం తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చెప్పింది రాయకుండా ఉండటం ఆ చేతికి తెలియదు. నిబ్బు రెండో అంకె దగ్గరికి వచ్చింది. డిటెక్టివ్ ఆ ఖాళీ మీద తన అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమింది.

"రాయకండి," అంది.